బ్రేకు మీద పల్లికాయ

మొన్న వీడియో కాల్‌లో నా కారు చూపించమన్నారు, చూపించాను. అందరి కార్లలో అద్దం కింద నిమ్మకాయో దేవుడి బొమ్మో వేలాడుతుంటే నా కారులో ఒక ఎండు పల్లికాయ వేలాడుతోందని మీరిద్దరూ పడీపడీ నవ్వారు. "అవ్వా, ఆకలైతె తింటందుకా?" అని చిన్నది అడిగింది. నేను జవాబు చెప్పేలోపు సిగ్నలు పోయింది. పోతే పోయింది, అది ఫోనులో రెండు ముక్కల్లో చెప్పే సంగతి కూడా కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. పుణెలో చదువుకుంటున్న మీకు తెలుగు చదవడం కష్టమైతే మీ అమ్మ చేత చదివించుకోండి. నా గొంతు ఎలాగూ చిన్నదే, మీ అమ్మ గొంతులో అయితే బాగా వినపడుతుంది.

మీ తాత ట్రాలీ ఆటో నడిపేవాడు. వనపర్తి మార్కెట్ యార్డుకు పల్లీ బస్తాలు, కొల్లాపూర్ తోటల నుంచి మామిడికాయలు. ఆయన నడుము దెబ్బతిన్నాక ఆ బండి నా చేతికి వచ్చింది. లైసెన్సు తీసుకుని పదేళ్లకు పైగా నడిపాను. రోడ్డు మీద నన్ను చూసి నవ్వినవాళ్లు నవ్వారు, కొన్నాళ్లకు నవ్వడం మరిచిపోయారు.

వనపర్తిలో ఒక డ్రైవింగ్ స్కూలు ఉంది. దాన్ని నడిపే పెద్దాయనను అందరూ ఉస్తాద్ అంటారు. గడ్డం తెల్లబడింది కానీ మాటలో చురుకు తగ్గలేదు. ఒకరోజు యార్డు ముందు చాయ్ తాగుతుంటే నా పక్కన వచ్చి నిలబడ్డాడు.

"చెల్లె, ఆడోళ్లు నేర్సుకుంటమని వస్తుండ్రు. నన్ను జూసి ఎన్కకు మళ్లుతుండ్రు. నా మొఖం గంత పాడుగున్నదా?"

"గడ్డం జూసి భయపడుతుండొచ్చు, ఉస్తాద్."

"నువ్వు రా మరి. నీకు గడ్డం లేదు గద. పది పాసైనవా?"

"పాసైన."

"ఐదేండ్లు నడిపినవా అని అడుగ, నేను జూస్తనే ఉన్న. ఇంగ మోటారు మెకానిక్ సర్టిఫికెట్ ఒక్కటి గావాలె. అది వస్తె సర్కారు పరీచ్చ రాయొచ్చు. పాసైతె నువ్వు డ్రైవర్‌వి గావు, డ్రైవర్లను జేసేదానివి."

డ్రైవర్లను చేసేదానివి. ఆ మాట చాయ్ కన్నా వేడిగా లోపలికి దిగింది.

అలా నలభై ఎనిమిదేళ్ల వయసులో నాగర్‌కర్నూల్ బస్సెక్కి మెకానిక్ క్లాసుకు పోవడం మొదలుపెట్టాను. తరగతిలో అందరూ మీ నాన్న ఈడువాళ్లు. మొదటి వారమే ఒక ఇంజిన్ విప్పి మా ముందు పెట్టారు. ఇన్నేళ్లు ఎక్కి తిరిగిన బండి కడుపులో ఏముందో అప్పుడు చూశాను. నాలుగు పిస్టన్లు. ఒకటి లేస్తే ఒకటి దిగుతుంది. మా చిన్నప్పుడు నలుగురు ఆడవాళ్లు ఒకే రోట్లో జొన్నలు దంచేవాళ్లు. ఒకరి రోకలి లేస్తుంటే ఒకరిది పడేది. ఒక్కటీ ఇంకొకదానికి తగిలేది కాదు. ఆ దంపుడే ఇక్కడ ఇనుములో జరుగుతోంది, అదీ నిమిషానికి వేలసార్లు! నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాను. నా వెనక ఎవరో నవ్వారు, నేను తిరిగి చూడలేదు.

ఇంకో రోజు సారు డిఫరెన్షియల్ గురించి చెప్పాడు. బండి మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి, బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, రెంటికీ తగ్గట్టు వేగం పంచే పళ్లచక్రాల పెట్టె అది. అందరూ రాసుకుంటున్నారు, ఎవరికీ ఎక్కినట్టు లేదు. నాకు మాత్రం మా కళ్లం కళ్ల ముందుకు వచ్చింది. కళ్లం మధ్యలో గుంజ పాతి, పశువులను వరసగా కట్టి, కంకుల మీద తిప్పేవాళ్లం. గుంజ పక్కనున్న ముసలి ఎద్దు ఉన్నచోటే అడుగులు వేస్తుంది. చివరి కోడె పరుగెత్తాలి. చివరన ముసలిదాన్ని కడితే వరసంతా ఆగిపోతుంది. ఆ మాటే నెమ్మదిగా అన్నాను. సారు ఒక్క క్షణం నా వైపు చూసి, చాక్‌పీస్ నా చేతిలో పెట్టి, "రామ్మా, బోర్డు మీద గీసి చెప్పు" అన్నాడు. గీశాను. ఆరోజు ఇంటికొచ్చే బస్సులో, మలుపు వచ్చిన ప్రతిసారీ, సీటు కింద ఎక్కడో ఆ ముసలి ఎద్దూ ఆ కోడే కనపడుతూనే ఉన్నాయి.

సర్టిఫికెట్ వచ్చింది. కష్టమంతా అయిపోయిందనుకున్నాను.

ఉస్తాద్ కారులో రెండు బ్రేకులుంటాయి. ఒకటి నేర్చుకునేవాళ్ల కాలి కింద, ఒకటి ఎడమ సీట్లో కూర్చునే నేర్పేవాళ్ల కాలి కింద. ఆయన వెనక సీట్లో కూర్చునేవాడు, నేను ఎడమ సీట్లో. స్టీరింగ్ ముందు నా మొదటి శిష్యురాలు. ఆమె స్కూలు యూనిఫాంలు కుడుతుంది. కుట్టిన మూటలు గద్వాల, నాగర్‌కర్నూల్ బడులకు చేర్చాలి. ఆటోల కోసం ఎదురుచూసి విసిగి, తనే చిన్న వ్యాను నడుపుకోవాలనుకుంది. "ఆడామె నేర్పితెనే పొమ్మన్నరక్కా మా ఇంట్ల. నువ్వు పాసైతెనే నా బండి" అని మొదటి రోజే చెప్పింది.

నఖాబ్ సర్దుకుని, బిస్మిల్లా అనుకుని, క్లచ్ మీద నుంచి కాలు మెల్లగా లేపింది. బండి ఒక ముసలి గేదెలా కదిలింది.

"యా అల్లా! కదులుతుందక్కా!"

"అది కదులుత లేదు. నువ్వు కదిలిస్తున్నవ్."

ఆ కళ్లు మీరు చూడాల్సింది. పుట్టిన బిడ్డను మొదటిసారి చేతిలో పెట్టినప్పుడు మీ అమ్మ కళ్లు అలాగే ఉన్నాయి.

సాయంత్రం ఉస్తాద్ అడిగాడు. "చెల్లె, ఇయ్యాల బండి నడిపింది ఎవరు?"

"ఆమెనే."

"గాదు, నువ్వు. తొమ్మిదిసార్లు బ్రేకు తొక్కినవ్. నేను లెక్కవెట్టిన."

"నేను తొక్కలే, ఉస్తాద్. ఒట్టు."

మర్నాడు ఆయన నా బ్రేకు మీద ఒక పల్లికాయ పెట్టి, రబ్బరుతో బిగించి కట్టాడు. "నువ్వు తొక్కకుంటె ఇది పగలదు. నా మాట నమ్మకు, దీని మాట నమ్ము" అన్నాడు. ఆ సాయంత్రానికి అది పొడి పొడి అయింది. నా కాలు నాకు చెప్పకుండానే పోయి వస్తోంది! కుక్క కనపడితే తొక్కింది, గుంత కనపడితే తొక్కింది, ఏమీ కనపడకపోయినా తొక్కింది. ఉస్తాద్ ఆ పిండి నా దోసిట్లో పోసి, "తిను, మీ శేన్ల పండిందే" అన్నాడు. వారం రోజులు అదే తిండి.

అప్పుడు ఒకరోజు మార్కెట్ సెలవు. ఖాళీ యార్డులోకి కారు పోనిమ్మన్నాడు. ఒక మూలకు ఖాళీ గోనె సంచులు మనిషెత్తు పేర్చి ఉన్నాయి. నన్ను రెండు కాళ్లూ సీటు మీదికి ముడుచుకుని కూర్చోమన్నాడు. ఆమెతో, "బిడ్డా, సంచుల దగ్గర ఆపు" అన్నాడు. బండి మెల్లగానే పోతోంది. సంచులు దగ్గరయ్యాయి, ఇంకా దగ్గరయ్యాయి, కారు మూతి వాటిలోకి దూరిపోయింది. నాలుగు సంచులు అద్దం మీద పడ్డాయి. దుమ్ములో ముగ్గురం దగ్గాం.

"బ్రేకు ఎందుకు తొక్కలే, బిడ్డా?"

ఆమె అమాయకంగా నా వైపు చూసింది. "అక్క తొక్కుతది గద."

నేను ఆమెను కాపాడుతున్నాననుకున్నాను. ఆమె కాలిని నిద్రపుచ్చుతున్నాను.

సంచులు మళ్లీ పేరుస్తూ ఉస్తాద్ చెప్పాడు. "మనసుల ఒక గీత గీస్కో, చెల్లె. ఒక చెట్టో, రాయో చూస్కో. గీత దాక బండి ఆమెది. గీత దాటితె నీది. ముందే తొక్కితె ఆమె కాలు సస్తది. దాటినంక తొక్కకుంటె మనుషులే సస్తరు. గీత ఏడ గీయాల్నో, గదే మన ఇల్మ్, మన విద్దె. పల్లికాయ పగలకుంట ఒక్క దినం ఎల్లదీయి, పరీచ్చకు తోల్త."

ఇంకో పద్దెనిమిది రోజులు పట్టింది. గీత గీయడం నేర్చుకున్నాను. కాలును బ్రేకు మీద గాలిలో, తాకకుండా నిలపడం నేర్చుకున్నాను. పొయ్యి మీద పాలు పొంగుతుంటే చేతులు కట్టుకుని నిలబడి చూడండి, తెలుస్తుంది. చివరకు ఒకరోజు కాయ నిలిచింది. కానీ ఆరోజు రోడ్డు ఖాళీగా ఉంది. నా కాలు మీద నాకింకా నమ్మకం లేదు.

అందుకే పరీక్ష రోజు పొద్దున్నే, ఎవరూ చెప్పకుండానే, నేనే ఒక పల్లికాయ ఏరి బ్రేకుకు కట్టాను.

రవాణా ఆఫీసులో పరీక్ష పెట్టిన ఆఫీసరు పెద్దగా నవ్వే మనిషి కాదు. రోడ్డు గుర్తులడిగాడు, చెప్పాను. బానెట్ తీసి భాగాలడిగాడు, చెప్పాను. డిఫరెన్షియల్ ఎందుకున్నదో చెప్పమన్నాడు. కళ్లం, గుంజ, కోడె అన్నీ చెప్పాను. రాయడం ఆపి విన్నాడు. తర్వాత నేర్పడం చూపించమన్నాడు. ఆమె స్టీరింగ్ ముందు కూర్చుంది. నేను ఎడమ సీట్లో కూర్చోబోతుంటే ఆయన కళ్లు కిందికి పోయాయి.

"ఏందమ్మా గిది?"

దాచాలనిపించింది. కానీ ఆమె ముందు అబద్ధమాడలేకపోయాను. "నా కాలు మీద నాకు నమ్మకం తక్కువ సార్. తొందరపడుతది. కాపలా పెట్టిన."

ఆయన వెనక సీట్లో కూర్చుని, పెబ్బేరు రోడ్డుకు పోనిమ్మన్నాడు. ఉస్తాద్ ఆఫీసు గేటు దగ్గరే ఉండిపోయాడు. ఆరోజు శుక్రవారం. శనివారం పెబ్బేరు సంత. ముందురోజు ఆ రోడ్డు మీద ఏం నడుస్తుందో మా వైపు ఎవరినడిగినా చెబుతారు. కంగారులో మాకెవరికీ అది తట్టలేదు.

ఊరు దాటి, ఒక ఒంపు తిరగగానే రోడ్డంతా గొర్రెలు. మూడు నాలుగు వందలుంటాయి. దుమ్ము లేపుకుంటూ అటే పోతున్నాయి. ముందు కొంత దూరంలో చిన్న మోరీ వంతెన, దానికి తెల్ల సున్నం వేసిన పిట్టగోడ. నా గీత అదే అనుకున్నాను. ఆ తెల్లగోడ దాటితే నాది. అంతవరకు ఆమెది.

"బ్రేకు!" అన్నాడు వెనక నుంచి ఆఫీసరు. ఆమె అద్దంలోకి చూసింది.

"ముందటికి జూడు" అన్నాను, మామూలు గొంతుతోనే.

తెల్లగోడ వస్తోంది. నా కాలు బ్రేకు మీద గాలిలో వణుకుతోంది. చీర అంచు వణకడం నాకే కనపడుతోంది. మీ నాన్న నడక నేర్చుకుంటూ మొదటిసారి గడప మీద తూలినప్పుడు కూడా నేను ఇలా ఆగలేదు, ఎత్తేసుకున్నాను.

"బ్రేకమ్మా, బ్రేకు!" వెనక నుంచి దబదబా చప్పుడు.

తెల్లగోడ ఇంకా కొంత దూరంలో ఉండగా, కారు మెల్లగా ముందుకు ఒంగి, ఊపిరి వదిలినట్టు ఆగింది. నేను తొక్కలేదు. ఆమె తొక్కింది. ఎడమకాలితో క్లచ్, కుడికాలితో బ్రేకు, రెండూ వేళకే. తర్వాత, ఎవరూ చెప్పకుండానే, చేతి బ్రేకు కూడా లాగింది.

దుమ్ము మా మీదికి వచ్చి మెల్లగా దిగింది. వెనక నుంచి ఇంకో మంద వచ్చి కారును రెండు పాయలుగా దాటుకుంటూ పోయింది. రెండు వైపులా ఉన్ని వీపులు, అద్దానికి రాసుకునే మూతులు, మెడల గంటలు. వానాకాలం జూరాల గేట్లు ఎత్తినప్పుడు కృష్ణమ్మ రాళ్లను దాటుకుంటూ పోయినట్టు మమ్మల్ని దాటుకుంటూ పోయాయి. ఆ ప్రవాహం మధ్యలో కారు కదలకుండా నిలబడి ఉంది. దాన్ని నిలిపింది కొన్ని వారాల కింద గోనె సంచుల్లోకి పోయిన కాలు! ఒక మనిషి కాలికి బుద్ధి ఎప్పుడు పుడుతుందో, ఎక్కడి నుంచి వస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు. నేర్పుతున్న నాకే తెలియదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. దుమ్ము వల్ల అనుకున్నారు.

"అక్కా," అంది ఆమె గుసగుసగా, "నువ్వు తొక్కినవా?"

కిందికి వంగి చూశాను. ఆమె కూడా వంగింది. పల్లికాయ నిండుగా ఉంది.

వెనక్కి తిరిగి చూస్తే ఆఫీసరు తన కాళ్ల వైపే చూసుకుంటున్నాడు. వెనక సీటు ముందు పరిచిన రబ్బరు పట్ట నలిగి, ముడతలుపడి, ఒక మూలకు పోయి ఉంది. అక్కడ బ్రేకు లేదు, ఆయన మాత్రం నాలుగైదుసార్లు తొక్కాడు. మొదటిసారి ఆయన నవ్వడం చూశాను.

"అమ్మా, రేపటి సంది నాకు గూడ ఒకటి కట్టు."

ఆఫీసు గేటు దగ్గర ఉస్తాద్‌కు కాయ విప్పి అరచేతిలో పెట్టాను. చెవి దగ్గర ఆడించి గింజల చప్పుడు విన్నాడు. "ఇది తినేది గాదు" అని తిరిగి నా చేతిలో పెట్టాడు. అదే మీరు చూసి నవ్విన కాయ. యూనిఫాంల ఆమె ఇప్పుడు తన వ్యానులో గద్వాల పోతూ, ఎదురుపడితే హారన్ కొట్టి పలకరిస్తుంది.

పెద్దదానా, నీకు వచ్చే ఏటికి పద్దెనిమిది నిండుతాయని, నా దగ్గరే నేర్చుకుంటానని అన్నావు. రా. నేర్పుతాను. కానీ ఆరోజు బ్రేకుకు కొత్త పల్లికాయ కడతాను, ఒకటి కాదు, రెండు. ఎంతమందికో నేర్పాను, నా కాలు నా మాట వింటుంది. స్టీరింగ్ ముందు నువ్వు కూర్చుంటే వింటుందో లేదో నాకు తెలియదు.