దువ్వెన పక్కన రిబ్బను

ఇప్పుడు మా ఇంట్లో దువ్వెన ఎక్కడ పెడితే అక్కడే ఉంటోంది. నాకది బాగాలేదు.

నా మనవరాలు ఇక్కడ ఉన్నప్పుడు ఒకసారి అది బియ్యం డబ్బాలో దొరికింది. ఎలా వెళ్లిందో పిల్లకీ తెలియదు. అప్పుడది ఆరో తరగతి. లెక్క చెబితే నోటితోనే చేసేసేది, లెక్కల పుస్తకం తియ్యమంటే మాత్రం సంచి మొత్తం నేల మీద కుమ్మరించాల్సిందే. పుస్తకాలతో పాటు నిన్నటి అరటితొక్క కూడా రాలేది.

మాది బందరు. మా అమ్మాయికి గుడివాడ ఆసుపత్రిలో ఉద్యోగం, తెల్లవారకముందే డ్యూటీ. అల్లుడు దివిసీమలో రొయ్యల చెరువుల దగ్గరే పడి ఉంటాడు, వీలు చిక్కినప్పుడు ఇంటికొస్తాడు. అమ్మ వెళ్లాక పిల్ల తనంతట తాను తయారై, ఇంటికి తాళం వేసి, బడి బస్సెక్కాలి. అది వారంలో సగం రోజులు బస్సు అందుకోలేకపోతుంటే, చేసేది లేక మా అమ్మాయి దాన్ని ఇక్కడి బడిలో చేర్చి నా దగ్గర వదిలిపెట్టింది.

"దాని పనులు అది చేసుకోవడం వస్తే తీసుకెళ్లిపోతానమ్మా," అంది వెళ్తూ.

పిల్ల వాళ్లమ్మ కొంగు వదల్లేదు. మళ్లీ ఎప్పుడొస్తావని అడగలేదు, ఎప్పుడు తీసుకెళ్తావని అడిగింది. దానికి కావలసింది అదొక్కటే. నాకు కావలసింది అది నా దగ్గర ఉండటం. దాన్ని దారిలో పెడితే వెళ్లిపోతుంది, పెట్టకపోతే ఏడుస్తుంది. ఇదీ నా సంగతి.

మొదట్లో అన్నీ నేనే అందించాను. మర్చిపోయిన క్యారేజీ పట్టుకుని ఆటోలో బడికి పరిగెత్తాను. గేటు దగ్గర టీచరుగారు నవ్వుతూ, "మామ్మగారూ, బడికి మీరొస్తున్నారా, అమ్మాయి వస్తోందా?" అన్నారు. తర్వాత లోపల కూర్చోబెట్టి చెప్పారు.

"తిట్టకండి. అది కావాలని చెయ్యడం లేదు. అన్ని పనులూ ఒకేసారి చెబితే ఒక్కటీ నిలవదు. ఒకటి కుదిరాక ఇంకోటి చెప్పండి. పొద్దున చెయ్యాల్సినవి కాగితం మీద రాసి గోడకి అంటించి చూడండి."

నేను అక్షరాలు నేర్చింది జుట్టు నెరిశాక, వయోజనుల బడిలో. నా చేత్తో రాసిన కాగితం గోడ మీద చూసుకుని నేనైతే మురిసిపోయాను. పిల్ల మాత్రం దాని ముందునుంచే రిబ్బను వెతుక్కుంటూ అటూ ఇటూ తిరిగేది.

"అక్కడ రాసుంది కదే, చదువుకో."

"చదివానమ్మమ్మా. రిబ్బను కట్టుకోవాలి అనుంది. ఎక్కడుందో లేదు."

నిజమే.

పెడనలో నేను చాలా ఏళ్లు కలంకారీ అద్దకం పని చేశాను. బల్ల మీద గుడ్డ పరిచి, చెక్క అచ్చును రంగులో అద్ది వేస్తాం. మొదటి అచ్చు ఎక్కడ ఆగిందో అక్కడ అంచు కలిపి రెండోది వెయ్యాలి. గుడ్డంతా బుర్రలో పెట్టుకోనక్కర్లేదు, పక్కదాన్ని చూసుకుంటే చాలు. ఒకరోజు పిల్లకి జడ వేస్తుంటే ఇది తట్టింది. ఇంట్లో వస్తువుల్నీ అలాగే బారు కట్టాం. స్నానాలగది తలుపు పక్కన మేకుకి దువ్వెన. దువ్వెన పక్కన రిబ్బన్లు. వాటి కింద స్టూలు, స్టూలు మీద క్యారేజీ. స్టూలు కాలికి ఆనించి సంచి, సంచి పక్కన బూట్లు, ఆ పక్కనే గుమ్మం. అంతా ఒక్కరోజులో కాదు. ముందు దువ్వెన ఒక్కటే. అది మేకుకి చేరడం అలవాటయ్యాకే రిబ్బన్లు. స్టూలు వెయ్యమన్నది పిల్లే. "కింద పెడితే నాకు కనబడదమ్మమ్మా, చేతికి తగలాలి," అంది. సాయంత్రం పాలు తాగాక, గ్లాసు కడిగేలోపు సంచి సర్దెయ్యాలని కూడా పెట్టుకున్నాం.

బాగానే సాగుతోందనుకుంటే, మా ఆడపడుచు వచ్చి, కూర్చోవడానికి ఆ స్టూలు వంటింట్లోకి లాక్కుంది. మర్నాడు పొద్దున పిల్ల రిబ్బన్ల దాకా వచ్చి ఆగిపోయింది. స్టూలు లేదు. అంతే, నేల మీద చతికిలబడి ఏడుపు.

"ఏమైందే?"

"అన్నీ పోయాయి."

"అన్నీ ఎక్కడ పోయాయే, స్టూలొక్కటే పోయింది."

"నా వల్ల కాదమ్మమ్మా. అమ్మ నన్నిక తీసుకెళ్లదు."

చెయ్యి పట్టుకుని మంచం దగ్గరికి తీసుకెళ్లి దుప్పటి చూపించాను. "ఇది నేను అద్దిందే. ఇక్కడ చూడు, అచ్చు జారి తీగ వంకరపోయింది. పైన చిన్న పువ్వు వేసి ముందుకెళ్లాను. గుడ్డ పారేసి ఏడుస్తూ కూర్చుంటే మేస్త్రీ నన్నే పారేసేవాడు."

ఏడుస్తూనే నవ్వింది. "ఏదీ, పువ్వేదీ?" అంటూ వేలితో వెతికింది.

"పోయినదాన్ని వదిలెయ్. తర్వాతది పట్టుకో."

కొన్నాళ్లకి మా అమ్మాయి సెలవు పెట్టి వచ్చింది. "రేప్పొద్దున నువ్వు సాయం చెయ్యకమ్మా, అది ఎలా తయారవుతుందో చూస్తాను," అంది. సరేనని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పిల్ల స్నానం చేసి వచ్చింది, దువ్వెన అందుకుంది, చెయ్యి పక్కకి చాపింది. రిబ్బను ఒకటే ఉంది. రెండోదాని ఎర్ర అంచు దిండు కింద నాకు కనబడుతూనే ఉంది. చెబితే సాయం చేసినట్టు. ఏడ్చిందంటే నా దగ్గరే ఉంటుంది. నోరు మూసుకుని కూర్చున్నాను.

పిల్ల మేకు వంక చూసింది. తర్వాత స్టూలు దగ్గరికి వెళ్లి, క్యారేజీకి నేను కట్టే అద్దకం గుడ్డ పీలిక విప్పి, దాంతో రెండో జడ కట్టేసుకుంది. క్యారేజీ, సంచి, బూట్లు. గుమ్మం దాటాక వెనక్కి తిరిగి అరిచింది.

"పువ్వేశానమ్మమ్మా!"

"ఏం పువ్వే?" అంది వాళ్లమ్మ.

వేసవి సెలవుల్లో మా అమ్మాయి పిల్లని తీసుకెళ్లిపోయింది. బస్టాండులో పిల్ల కిటికీ పక్కన కూర్చుని, సంచి ఒళ్లో పెట్టుకుని, బస్సు కదిలేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది. దాని ముఖం అంత వెలగడం నా ఇంట్లో ఎప్పుడూ చూడలేదు.

గుడివాడ ఇంట్లో ఆ మేకు లేదు, ఆ స్టూలు లేదు. బడి తెరిచిన కొత్తలో రోజూ పొద్దున్నే ఫోను.

"అమ్మమ్మా, రిబ్బన్లు ఎక్కడ పెట్టను?"

"దువ్వెన ఎక్కడ పెట్టావు?"

"కిటికీలో."

"అయితే కిటికీలోనే పెట్టవే, దాని పక్కన."

తర్వాత రోజు విడిచి రోజు. తర్వాత అదీ లేదు. మొన్న ఆదివారం ఫోను చేసినప్పుడు అడిగేశాను.

"పొద్దున్న చెయ్యడం మానేశావేమే?"

"ఏం అడగను అమ్మమ్మా, అన్నీ దొరుకుతున్నాయిగా!"

"మంచిది," అన్నాను.

మేకుకి దువ్వెన అలాగే ఉంది. పక్కన, దిండు కింద దొరికిన రిబ్బను. స్టూలు మీద క్యారేజీ ఉండేచోట ఇప్పుడు ఫోను పెడుతున్నాను. మోగదు. మోగకూడదనే కదా ఇంత పాటు పడ్డది. అయినా బడి బస్సు వెళ్లే వేళ దాటేదాకా నేను స్నానానికి లేవను.