రబ్బరు తోటలో పడని చుక్కలు

ఒక పటంలో నేను అబద్ధపు గీత గీశాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు. ఆ సోమవారం పేజీలో "వాన. తలనొప్పి." అని మాత్రమే ఉంది.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. మా క్లాసులో సగం మంది సాఫ్ట్‌వేర్ పేరు చెప్పి విమానం ఎక్కిన కాలం అది. నేను సింగపూర్‌లో దిగాను. తంజోంగ్ పగార్‌లో ఆఫీసు, బుకిట్ బటోక్‌లో ఒక చైనీస్ ఆంటీ ఫ్లాట్‌లో అద్దె గది. పగలంతా ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికేదాన్ని. ట్రైన్‌లో పుస్తకం చదువుకునేదాన్ని. మిగతా రోజులు ఎలాగో గడిచేవి గానీ ఆదివారాలే కదిలేవి కావు. ఒక ఆదివారం డైరీలో ఇలా ఉంది: "ఈరోజు మాట్లాడినవి మూడు మాటలు. రెండు థాంక్యూలు, లిఫ్ట్‌లో ఒక సారీ."

ఆ రోజుల్లోనే లైబ్రరీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం చూశాను. ఊరి ఉత్తరపు కొసన, వుడ్‌ల్యాండ్స్ దగ్గర పాడుబడ్డ రబ్బరు తోటల్లో జీపులు, మోటారు సైకిళ్లు సరదాగా తిరిగే మట్టిదారులు మూడున్నాయట. ఆ స్థలం చూసే ఆఫీసు వాళ్లు దానికి కంచె వేయబోతున్నారు. అయితే ఏ దారి ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో సరైన పటం ఇస్తే ఆ దారి వరకు తెరిచి ఉంచుతామన్నారు. పటం తయారు చేయడానికి కంప్యూటర్ తెలిసిన వాలంటీర్లు కావాలి. నాకు మోటారు సైకిలంటే భయం, జీపు ఎక్కనే లేదు. కానీ కాగితం చివర ఫోన్ నంబరు లేదు, ఈమెయిల్ మాత్రమే ఉంది. నోరు విప్పనక్కర్లేదు కదా అని రాశాను.

మొత్తం ఏడుగురు. వాళ్లకి పెద్ద, మోటారు సైకిళ్లు బాగుచేసే ఒక చైనీస్ ఆయన. "నో నీడ్ షై, లా. యూ సిట్ విత్ అంకుల్. సేమ్ సేమ్, తెలుగు," అని, అక్కడి వాళ్ల ఊతపదం 'లా' కలిపి మాట్లాడుతూ నన్ను ఒక పాత జీపు దగ్గరికి తీసుకెళ్లాడు.

స్టీరింగ్ ముందున్న అంకుల్‌కి డెబ్బై దాటి ఉంటాయి. ఆయన తాత రబ్బరు పాలు తీసే పనికి శ్రీకాకుళం నుంచి వచ్చి ఇటే ఉండిపోయాడట.

"ఏటమ్మా, మకాన్ అయిందా?" అన్నాడు.

తిన్నానని చెప్పాను. ఆయన నా మొహం వంక ఒకసారి చూసి, సీటు కింద నుంచి డబ్బా తీసి నా ఒళ్లో పెట్టాడు. "తిన్నోళ్ల మొహం ఇలగుండదు. ఇడ్లీలు, తిను. మా ఇంట్లో తెలుగు నాకూ గోడకీ మధ్యనే. మనవరాల్ని పిలిస్తే 'తాతా, స్పీక్ ప్రాపర్లీ, లా' అంటాది. నువ్వైనా తిరిగి తెలుగులో తిట్టు."

నవ్వొచ్చింది. సింగపూర్ వచ్చాక పైకి వినపడేలా నవ్వడం అదే మొదటిసారి అనుకుంటాను.

నా పని సబ్బుపెట్టె అంత యంత్రాన్ని ఆకాశం కనపడేలా పట్టుకు కూర్చోవడం. మేమున్న చోటును అది ఉపగ్రహాల నుంచి తెలుసుకుని కొన్ని సెకన్లకొక చుక్క పెడుతుంది. చుక్కలన్నీ కలిపితే దారి. చెట్లు గుబురుగా ఉన్నచోట దానికి ఆకాశం అందక చుక్కలు ఆగిపోతాయి. అప్పుడు బండి ఆపించి, వెనక్కి తిప్పించి, ఆ మేర మళ్లీ నెమ్మదిగా పోవాలి. మొదటి రోజే మెకానిక్ వేలెత్తి మరీ చెప్పిన నియమం అదొక్కటే. "నో డాట్, గో బ్యాక్. డోంట్ గెస్."

రెండు దారులు గుట్టలెక్కి దిగేవి, మోటారు సైకిళ్లకే తప్ప పనికిరావు. అంకుల్ జీపు పోగలిగింది రబ్బరు తోట మధ్య దారి ఒక్కటే. "ఇది మూసేస్తే బండిని తుక్కుకి పంపేస్తానన్నాడు మా కొడుకు. ఈ బండి వాడికంటే పెద్దది. చిన్నోడి మాట వింటాదా?" అని నవ్వాడు. నవ్వుతూనే స్టీరింగ్ మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు.

నాలుగు ఆదివారాలు అలా తిరిగాం. డైరీలో పేజీలు చాలేవి కావు. ఆయన మాటలన్నీ రాసుకునేదాన్ని, యాసతో సహా.

ఐదో ఆదివారం రబ్బరు తోట దారి పూర్తి చేయాలి. మబ్బు పట్టింది. చనిపోయిన భార్య ఈ దారిలోనే డ్రైవింగ్ నేర్చుకున్న కథ చెబుతున్నాడు అంకుల్. "తిన్నగా తీసుకెళ్లి చెట్టుకి గుద్దింది. దెబ్బ తగిలిందా అని నన్నొక్క మాట అడగలేదు. దిగి, చెట్టుకి సారీ చెప్పింది!" ఆయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. నేను యంత్రం వంక చూశాను. చుక్కలు ఆగిపోయి ఉన్నాయి.

ఆపమనడానికి నోరు తెరిచాను. కథ ఇంకా అవలేదు. అయ్యాక చెబుదామనుకున్నాను. ఇంతలో వాన మొదలైంది, దారి చివరికి వచ్చేశాం, అందరూ చెట్ల కింద మా కోసం చూస్తున్నారు. చూసుకోలేదని ఇప్పుడు చెబితే యంత్రం ఇంకొకరి చేతికిస్తారేమో. అప్పుడు అంకుల్ పక్క సీటు కూడా వాళ్లదే అవుతుంది. యంత్రాన్ని సంచిలో పెట్టేశాను.

మర్నాడు ఆఫీసులో పక్క సీటు అమ్మాయి "టేబుల్ చోప్ చేసి, ఎవరూ కూర్చోకుండా పట్టి ఉంచుతా, లంచ్‌కి రా," అని వెళ్లింది. వెళ్లలేదు. తెర మీద అటు వరస, ఇటు వరస చుక్కలు, మధ్యలో రెండు వేళ్ల వెడల్పు ఖాళీ. మౌస్‌తో తిన్నగా ఒక గీత గీసి కలిపాను. మరీ తిన్నగా ఉంటే అనుమానం వస్తుంది. అందుకని కొంచెం వంచాను. నా తప్పులో నన్ను ఇప్పటికీ నిద్ర లేపేది ఆ వంపే.

నెల తర్వాత, ఆ స్థలం చూసే ఆఫీసు నుంచి ఇద్దరు మనుషులు మా పటం పట్టుకుని వచ్చారు. మేమంతా వెనక నడిచాం. గుట్టల మీది దారులు రెండూ పటంలో ఉన్నట్టే ఉన్నాయి. రబ్బరు తోటలో, నా గీత వంగిన చోట, బురదనీటి మడుగు ఉంది. అసలు దారి దానికి అవతలి పక్క నుంచి చుట్టి పోతోంది. పటం పట్టుకున్న మనిషి మోకాలి లోతు నీళ్లలో నిలబడి, పటాన్ని మడిచాడు. ఒకచోట లేని దారి చూపించిన పటాన్ని ఈ దారిలో మిగతా చోట్ల ఎలా నమ్మమంటారని అడిగాడు. గొంతులో కోపం కూడా లేదు. పటాలు తీసుకునే గడువు అప్పటికే దాటిపోయింది. రెండు దారులు ఉంటాయి, మూడోది మూస్తారు.

మెకానిక్ నా దగ్గరికొచ్చి భుజం తట్టాడు. "సాటిలైట్ లైక్ దట్ వన్, లా. నాట్ యువర్ ఫాల్ట్." ఇంకెవరో నాకు మంచినీళ్ల సీసా ఇచ్చారు. అందరూ నన్నే ఓదారుస్తున్నారు. జీపు ఉన్న మనిషిని ఎవరూ ఓదార్చలేదు. ఆయన మడుగు వంక చూస్తూ నిలబడ్డాడు. ఈ దారిలో అన్నేళ్లు తిరిగిన మనిషి, దారి అటు పోదని, ఆ రోజు మా జీపు అటు పోనేలేదని ఆయనకి తెలియదా?

జీపు ఆ నెలలోనే తుక్కుకి పోయిందని తర్వాత మెకానిక్ ఈమెయిల్‌లో రాశాడు. జవాబు రాయలేదు.

పటం తప్పని తేలిన ఆ సాయంత్రం అంకుల్ జీపులో నన్ను వుడ్‌ల్యాండ్స్ స్టేషన్ దాకా దింపాడు. ప్రతి సిగ్నల్ దగ్గర నేను ఒకే వాక్యాన్ని సిద్ధం చేసుకున్నాను: అంకుల్, అది యంత్రం తప్పు కాదు. పచ్చదీపం పడగానే అది గొంతు దిగిపోయేది. స్టేషన్ ముందు దిగి, తలుపు పట్టుకుని నిలబడ్డాను. నేనేదో చెప్పబోతున్నానని అర్థమైందేమో, వినపడాలని ఇంజన్ ఆపాడు. వెనక బస్సు హారన్ కొట్టినా కదల్లేదు.

"జాగ్రత్తగా వెళ్లండి, అంకుల్," అన్నాను.

ఆయన తలూపాడు. తాళం తిప్పబోతూ ఆగి, నా వైపు వంగాడు.

"ఇంక ఆదివారాలు ఏటి చేస్తావమ్మా?"