రోము వీధికొళాయి దగ్గర నా గొంతు తెరువబడిన విధము

ఆకాశమును విశాలపరచి, భూమి అడుగున ఊటలను దాచి, వానను దాని కాలమందు పంపు సృష్టికర్తయైన దేవునికి స్తుతి కలుగును గాక! స్వస్తిశ్రీ విశ్వావసు నామ సంవత్సర మార్గశిర బహుళ దశమీ ఆదివారమునాడు, ఉరవకొండ సంఘస్థుడను, విశ్రాంత తెలుగు పండితుడను అయిన నేను, ప్రభువు నాయెడల చేసిన మేలును ఈ పత్రికాముఖమున వ్రాయుచున్నాను. సహోదరులారా, సహోదరీలారా, నవ్వు వచ్చినచోట నవ్వుడి, నాకు అభ్యంతరము లేదు.

కొన్నేండ్లుగా నా నడుమునకు ఎడమవైపున ఒక నొప్పి కాపురముండెను. అది వచ్చినప్పుడు నేను మంచపుకోడు పట్టుకొని, పండితుడనన్న సంగతియే మరచి, పసివానివలె కేకలు వేసినాను. అనంతపురములోని డాక్టరుగారు మూత్రపిండములలో రాళ్లున్నవని చూపించి, "నీళ్లు తాగండి సార్, కడుపునిండా తాగండి. ఇట్లే ఉంటే ఎడమది మనకు దక్కదు" అన్నారు. ఇంత చవకయైన మందును ఏ రోగికైనను ఎవరైనను వ్రాసిరా! అయ్యో, నేను మ్రింగలేనిది సరిగా ఆ మందే!

ఎందుకనగా నేను ఇంటికి పెద్దకొడుకును. నా బాల్యములో బావులెండిన ఏండ్లలో మా అమ్మ ఎక్కడినుండియో బిందెతో నీళ్లు మోసుకొనివచ్చి, ముందు పసిపిల్లలకు, తరువాత దూడలకు, ఆ తరువాత తక్కినవారికి పోసేది. పెద్దవాడు చివర త్రాగవలెనన్నది మా యింటి కట్టుబాటు. చెంబు ఎత్తకముందు నేను వెనుకకు తిరిగి చూచేవాడను. ఎవరైనా నిలిచియుంటే సగము త్రాగి దించేవాడను. తరువాత కరవు కొంత తగ్గినది, మా వీధికి పైపులు వచ్చినవి, అయినను నా మెడ తిరుగుట మానలేదు, సగము గ్లాసు దగ్గర నా గొంతు మూసికొనుట మానలేదు. బడిపిల్లలు నాకు ఒంటె అయివారని పేరు పెట్టినారు. నేను దానిని బిరుదువలె మోసినాను! నా భార్య మార్తమ్మ చెంబు పట్టుకొని ఎదుట నిలుచుండేది, నేను రెండు గుక్కలు త్రాగి మిగిలినది కరివేపచెట్టు మొదట పోసేవాడను. చెట్టు ఏపుగా పెరిగినది, నా రాళ్లును పెరిగినవి. ప్రార్థనలో మాత్రము, "ప్రభువా, ఈ రాళ్లను తీసివేయుము" అని మొరపెట్టినానే గాని, "నాకు త్రాగుట నేర్పుము" అని ఒక్కనాడును అడుగలేదు.

ఇట్లుండగా, లేఖనములను గ్రీకు మూలములో చదువుట నేర్చుకొమ్మని మా పెద్దలు కొందరిని ఇటలీదేశములోని ఒక చిన్న పట్టణమునకు మూడు మాసములు పంపినారు. తల నెరసిన తరువాత నేను మరల విద్యార్థినైనాను! బల్లమీద నా ప్రక్కవాడు గుమ్మఘట్ట పాస్టరు దావీదప్పగారు. మాటను తెలుగులో మొదలుపెట్టి కన్నడములో ముగించే ఉల్లాసవంతుడు. భాద్రపద బహుళములో ఒక శనివారము మాకు తరగతులు లేనందున, పౌలు భక్తుడు సంకెళ్లతో నడిచిన రోము నగరమును చూచి రావలెనని ఇద్దరము రైలెక్కినాము. దావీదప్పగారికి తెలిసిన మస్తాను అను యువకుడు స్టేషనుకు వచ్చినాడు. తాడిపత్రిలో బండలు నునుపుచేయు ఒకాయన కుమారుడు, ఆ నగరములోనే పెద్ద చదువు చదువుచున్నాడు.

ఆనాటి ఎండ మన ఎండవంటిదే. కూలిన మండపములను, వంతెనలను చూచుచు మధ్యాహ్నము వరకు నడచినాము. దావీదప్పగారు సీసా చాపినప్పుడెల్లను నేను వద్దన్నాను. ఇంతలో నడుమున ఆ పాత నొప్పి చిన్నగా తలుపు తట్టినది. ఈ పరదేశములో ఆసుపత్రి పాలైతే ఏమి గతి, ఎడమది ఇక్కడనే పోవునేమో అని భయపడినాను. వారి సంతోషము చెడగొట్టుట ఇష్టములేక పైకి చెప్పలేదు.

అప్పుడు ఒక సందు మలుపులో, నడుమెత్తు ఇనుపస్తంభము, దానికి వంకర గొట్టము, ఆ గొట్టమునుండి తెల్లని ధార! మనిషి లేడు, బిందె లేదు, ఊరకనే పారుచున్నది! ఏ పాపాత్ముడో కట్టుట మరచిపోయినాడని పరుగెత్తి, చుట్టును వెదకినాను. త్రిప్పెడి మర లేదు, పిడి లేదు. నొప్పిని మరచి, గొంతుకూర్చుండి, బొటనవ్రేలితో గొట్టపునోటిని గట్టిగా అదిమినాను. గొట్టము పైభాగమున ఒక రంధ్రమున్నదని నాకేమి తెలియును! నీళ్లు అందులోనుండి చివ్వున లేచి దావీదప్పగారి ముఖమున పడినవి.

"ఏమప్పా అయివారూ, నాకు మళ్లా బాప్తిస్మమా!" అని ఆయన ఎగిరినాడు.

మస్తాను కడుపు పట్టుకొని నవ్వి, "వదిలెయ్ సార్, దాన్ని కట్టేదానికి యాడా ఏమీ ల్యా. పగలూ రాత్రీ అట్లే పోతాంటాది" అన్నాడు.

"రాత్రి కూడానా? ఎవరికోసము?"

"ఎవరొస్తే వాళ్లకు సార్. తాగే నీళ్లే."

ఇంతలో కుక్కపిల్లతో ఒక ముసలామె వచ్చి, నేను త్రాగుట చేతగాక తంటాలుపడుచున్నానని తలచినది కాబోలు, నా బొటనవ్రేలిని మరల గొట్టమునకు ఆనించి, పైకి లేచిన ధారను చూపించి, నడుముమీద చేతులుంచుకొని నిలుచున్నది.

"నువ్వు తాగిందాకా పోదంట సార్," అని మస్తాను ఆమె మాట తెలిపినాడు. "ముసలాయన పెదాలు పగిలిండాయి అంటాండాది."

నేను వంగినాను. అలవాటుచొప్పున నా మెడ వెనుకకు తిరిగినది. సహోదరులారా, నా వెనుక ఎవరును లేరు! పసిపిల్ల లేదు, దూడ లేదు. ముసలామెను చూచితిని, ఆమె త్రాగుమని తల ఊపినది. అప్పుడు నాలోపల ఈ ప్రార్థన పుట్టినది: "ప్రభువా, నా తరువాత నిలిచినవారు ఎవరును లేరు. ఇది నాకేనా? నాకే అయితే, ఈ గొంతును నీవే తెరువుము." మొదటి గుక్క మ్రింగినాను. సగము గ్లాసంత అయినది, గొంతు మూసికొనలేదు! ఇంక ఆపలేకపోయినాను; కన్నీళ్లేవో కొళాయినీళ్లేవో తెలియకుండ త్రాగినాను. దేవునికే మహిమ!

"సాలు సామీ, రోము ఎండిపోతాది!" అని దావీదప్పగారు నా భుజము పట్టి లాగినారు.

నొప్పి ఆ క్షణమే పోయినదని నేను అబద్ధమాడను. సాయంత్రమునకు సద్దుమణిగినది, ఆసుపత్రి అవసరము కలుగలేదు. అయితే ఆ రాత్రి రోములోనే ఆగినందున, ఆదివారము వేరొక శ్రమ వచ్చినది. కనబడిన ప్రతి కొళాయి దగ్గరను నేను ఆగి త్రాగుట, పిమ్మట మరుగుదొడ్డికై వెదకుట! కాఫీ కొన్నవారినే హోటలువారు లోపలికి రానిచ్చెదరని మస్తాను చెప్పగా, మరుగుదొడ్డికొరకు కాఫీ, ఆ కాఫీ వలన మరల అదే అవసరము!

"పౌలు భక్తుడు ఉన్న తావులు చూద్దామని వస్తిమి, మరుగుదొడ్లు చూసుకుంటా తిరుగుతాండాం," అని దావీదప్పగారు గొణిగినారు. "సంఘమోళ్లు అడిగితే ఏం చెప్పల్ల నేను?" ఆయనకు బదులుగా ఇదిగో నేను చెప్పుచున్నాను!

ఇల్లు చేరిన నాటి ఉదయము మార్తమ్మ చెంబు తెచ్చినది. నా మెడ మరల తిరుగబోయినది.

"నేనెప్పుడో తాగినా. ఎనక్కి చూడద్దండి, తాగండి," అన్నది.

ఆమె చూచుచుండగానే చెంబు ఖాళీచేసినాను. ఆమె చెంబును తలక్రిందులు చేసి చూచి, దానిని రొమ్ముకు ఆనించుకొని, వంటింటిలోనికి పోయి స్తోత్రగీతము ఎత్తుకొన్నది.

ఆ నీళ్లలో మహత్తు ఉన్నదని నేను చెప్పను. కొండలనుండి గొట్టములలో వచ్చు మామూలు నీళ్లే అవి. కారుచున్న కొళాయిని చూచితే ఈనాటికిని లేచిపోయి కట్టివచ్చెదను, అది నా పుట్టుక. కాని ఇతరులకు మిగుల్చుటయే భక్తి అనుకొని, దేవుడు నాకని పోసినదానిని తోసివేయుట వినయము కాదని ఆ వీధిలో నేర్చుకొన్నాను. ప్రియులారా, మీలో ఎవరైనను ఆయన కృప తక్కినవారికే గాని తనకు కాదని వరుసలో చివర నిలిచియున్నారా? ముందుకు రండి! మీరు త్రాగినందున ఆయన యొద్ద తరుగునది ఏమియు లేదు. ఆయనను నమ్ముడి, వంగుడి, కడుపునిండ త్రాగుడి.

డిసెంబరు పన్నెండవ తేదీ, శుక్రవారమునాడు అనంతపురములో మరల స్కానింగు తీసినారు. ఎడమవైపున రాళ్లు లేవు. కుడివైపున చిన్నది ఒకటి మిగిలియున్నది. నీళ్లు త్రాగుచున్నాను.