ఫీజు లేని బడి

గల్ఫ్ దేశంలోని మామీర్‌లో డ్యూటీ దిగి, క్యాంపు బస్సు కోసం గోడ నీడన కూలబడ్డాడు భూమేష్. పొద్దంతా ఇనుప కడ్డీలు కట్టీ కట్టీ వేళ్లు ముడుచుకోవడం లేదు. అప్పుడే జగిత్యాల దగ్గరి ఊరి నుంచి భార్య మల్లిక ఫోన్ చేసింది.

చట్టం ప్రకారం ఊళ్లోని సర్కారు బడికి తల్లిదండ్రుల కమిటీ వేశారు. మల్లిక అందులో సభ్యురాలు. కమిటీ పట్టుబట్టి కొత్త గదులు కట్టించింది, ఇంగ్లీషు మీడియం తెప్పించింది.

"మన పిల్లను ప్రైవేటుకు తోలుకుంట, ఊరోళ్లను గీ బడికి రమ్మంటె ఎవలింటరు? అందుకే మన పిల్లను గూడ ఈన్నే ఏసిన," అంది.

భూమేష్‌కు ఒళ్లు మండింది. "నన్నడగకుండనా? ఆ ప్రైవేటు బడి ఫీజు కోసమే గదా ఈడ నడుం ఇరగ్గొట్టుకుంటున్న!"

మల్లిక ఫోన్ కూతురికిచ్చింది.

"బాపూ, ఈ బడి మంచిగున్నది. ఫీజు గూడ లేదు. ఇగ ఇంటికి అచ్చెయ్."

సెలవు అయిపోయి బయలుదేరిన ప్రతిసారీ ఆ పిల్ల కాళ్లకు చుట్టుకుని, ఎందుకు పోతున్నావని ఏడ్చేది. "నీ ఫీజు కోసం బిడ్డా" అని ఆ ఒక్క మాటతో ఊరడించి విమానమెక్కేవాడు.

బస్సు వచ్చింది. "యల్లా భాయ్, యల్లా!" అని డ్రైవర్ తొందరపెట్టాడు. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, పిల్లకు చెప్పడానికి ఇంకో కారణం వెతుక్కుంటూ భూమేష్ బస్సు మెట్టు మీదే నిలబడిపోయాడు.