ఎనిమిది అక్షరాల్లో పట్టని పేర్లు

మొన్న ఫోనుకి ఒక పెళ్ళి కార్డు వచ్చింది. తెరవబోతూ ఫైలు పేరు చూశాను; పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, ఇంటిపేర్లు, ఊరు, అన్నీ కలిపి రెండు వరుసలుంది. అంత పొడుగు పేరుని ఏ సణుగుడూ లేకుండా మోసుకొచ్చిన ఫోనుని చూసి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోపాటే పాతబస్తీలో పత్తర్‌గట్టి వెనక సందులో, అత్తరు దుకాణం మేడ మీద ఉండే మా కార్డుల కొట్టు కళ్ళ ముందు కదిలింది.

తొంభైల నాటి సంగతి. నాన్నగారి ఉద్యోగం వల్ల కోస్తా నుంచి వచ్చి మలక్‌పేటలో స్థిరపడ్డవాళ్ళం మేము. డిగ్రీ అవగానే, కంప్యూటర్ నేర్చుకున్నానన్న ధైర్యంతో ఆ కొట్టులో పనికి చేరాను. యజమానిని అందరం భాయ్ అనే పిలిచేవాళ్ళం. ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. పెళ్ళివారు నోటితో చెబుతుంటే నేను టైపు చేసేదాన్ని, తెర మీద చూసి భాయ్ రెండుసార్లు పైకి చదివేవారు, ఇంటి పెద్ద కళ్ళు మూసుకుని విని తలూపితేనే కార్డు ఖాయమైనట్టు. మధ్యాహ్నం వేళ అత్తరు వాసన మెట్లెక్కి వస్తుంటే, ఆ గొంతు వింటూ నాకు సగం కునుకు పట్టేది.

వాళ్ళు చెప్పింది దాచడానికి పెర్ల్ అనే కంప్యూటర్ భాషలో నేనే ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. ఇంటి పెద్ద పేరు అడిగి, ఆ పేరుతోనే ఫైలు తయారుచేసేది. యునిక్స్ పద్ధతిలో నడిచే మా పాత మిషన్ మీద బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత భాయ్ ముచ్చటపడి డాస్ అనే వేరే పద్ధతిలో నడిచే మిషన్ ఒకటి కొన్నారు. దాని కోసం వేరెవరో తయారుచేసిన పెర్ల్ దొరికింది కానీ, భాష ఒకటే అయినా అలవాట్లు వేరు. ఫోల్డర్ల మధ్య వాలుగీతని ఇటు నుంచి అటు తిప్పేసరికి నా ప్రోగ్రాం నోరెత్తకుండా నడిచింది. నేను పొంగిపోయాను. డాస్ ఫైలు పేరుకి ఎనిమిది అక్షరాలే ఉంచుకుని, మిగతాది చెప్పాపెట్టకుండా కోసేస్తుందని నాకేం తెలుసు! ఇంగ్లీషులో మహమ్మద్ అంటే సరిగ్గా ఎనిమిది అక్షరాలు, పాతబస్తీలో ఇంటికో మహమ్మద్. ఒకరి కార్డు మీద ఇంకొకరిది పడి, ఆఖరున వచ్చినాయనది మాత్రమే మిగిలేది.

ఈ సంగతి బయటపడ్డ రోజు జహనుమా నుంచి ఒక అమ్మాయి వాళ్ళ అన్నతో వచ్చింది. ముందు వారమే వాళ్ళ నాన్న వచ్చి ఆమె పెళ్ళి కార్డు చెప్పి వెళ్ళారు, ఇంతలోనే గుండె ఆగి పోయారు. పెళ్ళి ఆపవద్దన్నారట పెద్దలు. కార్డు మాత్రం అబ్బా చెప్పిన మాటల్లోనే ఉండాలని ఆ అమ్మాయి పట్టు. ఫైలు తెరిస్తే అందులో ఎవరిదో వేరే పెళ్ళి. మిగతా ఫైళ్ళన్నీ తిరగేశాను, వాళ్ళ నాన్న చెప్పింది ఎక్కడా లేదు.

భాయ్ నా వెనక నిలబడి తెర వంక చూశారు.

“ఫికర్ చెయ్యకు బేటీ. మీ అబ్బా మూడోసారి గూడ చదివిపిచ్చుకున్నడు. నాకు మస్తు యాదుంది,” అని ఆ అమ్మాయితో చెప్పి, నా వైపు తిరిగి, “నువ్వు కొట్టమ్మా,” అన్నారు.

కళ్ళు మూసుకుని ఆయన చెబుతుంటే నేను టైపు చేశాను. పెద్దాయన పేరు దగ్గరకొచ్చి ఆగిపోయారు. ఇప్పుడు దాని ముందు, మనం స్వర్గీయ అన్నట్టు, ‘మర్హూమ్’ అని చేర్చాలి. ఆ మాట ఆ అమ్మాయే మెల్లగా అంది. ఎంత ఆలస్యమైనా రండి, మీరొచ్చేదాకా భోజనాలకి పరిచిన దస్తర్‌ఖాన్ ఎత్తం అన్న చివరి మాట వినగానే, ఇది అబ్బా మాటే అని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను.

కార్డులు పోయిన మిగతావాళ్ళను మళ్ళీ పిలిచి చెప్పించుకున్నాం. ఫైళ్ళకి పేర్లు మాని అంకెలు పెట్టాను. ఆ అంకెతో ఫైలు ముందే ఉంటే ఆగి అడిగేలా ప్రోగ్రాం మార్చి, రెండు మిషన్ల మీదా నడిపి చూశాకే ఊపిరి పీల్చుకున్నాను.

ఇప్పుడు అలాంటి కష్టాలు చాలావరకు తీరిపోయాయి, దాచింది సాధారణంగా పోదు. ఆ ధీమాతోనే కాబోలు, ఒకరి మాట ఇంకొకరు మనసులో పెట్టుకోవడం మానేశాం. మా నాన్నగారు మాట్లాడిన రికార్డింగులు నా దగ్గర ఎన్నో ఉన్నాయి. ఆయన మాట ఒక్కటి చెప్పమని ఎవరైనా అడిగితే, ముందు ఫోను ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటాను.