సరేగారి ఆటలో దాచిన మీట

"కాదు" అనే మాట కొందరి నోట పుట్టుకతోనే ఉండదు. ఊళ్లు పట్టుకు తిరిగేవాడికి ఇలాంటివాళ్లు ప్రతిచోటా తగులుతారు. అడిగిన వీధి తమకూ తెలియదు. ఆ సంగతి చెప్పడానికి మొహమాటపడి, అరమైలు వెంట నడిచి, చివరికి తామూ దారి తప్పుతారు. మన కథలోని మనిషిదీ అదే జాతి. ఒక పెద్ద ఆఫీసులో కంప్యూటర్లు, ప్రింటర్లు బాగుచేసే ఉద్యోగం. ఎవరేమడిగినా "సరే" అంటాడు గనక అతనికి సరేగారనే పేరు స్థిరపడింది. అసలు పేరుతో పిలిస్తే రెండోసారికి గాని పలకడు.

ఇంటికొచ్చాక మాత్రం అతని లోకం వేరు. కంప్యూటర్ తెర మీద పైనుంచి రకరకాల ఆకారాల ముక్కలు ఒక్కొక్కటే రాలుతుంటాయి. వాటిని తిప్పి, జరిపి, సందు లేకుండా పేర్చాలి. వరస నిండితే మాయమవుతుంది, పేర్పు పైకంటా పెరిగితే ఆట ముగుస్తుంది. అలాంటి ఆటల్ని ఎవరికి కావలసినట్టు వాళ్లు తయారుచేసుకునే ఇంజిన్ ఒకటి పదకొండేళ్లుగా రాస్తున్నాడు. అది ఆట కాదు, ఆటలు పోతపోసే మూస. ఒక ఫైలు తెరిచి నాలుగు అంకెలు మారిస్తే ముక్కల ఆకారం మారుతుంది, వేగం మారుతుంది, నేల తాకిన ముక్క అతుక్కునే ముందు ఎంతసేపు ఆగాలో అదీ మారుతుంది. దాన్ని అందరికీ ఊరికే ఇచ్చేశాడు. ముఖం తెలియనివాళ్లు కోరికలు రాసి పంపుతుంటారు. ఒకాయనకు ముక్కలు కిందనుంచి పైకి రావాలట. సరే. ఒకావిడకు రంగులొద్దు, గీతలే చాలట. సరే. ఇప్పటికి అందులో మార్చుకోగల సంగతులు మూడువందల పన్నెండు. వచ్చిన ప్రతివాడి కోసం ఒక అర కొట్టించుకుంటూ పోయిన దుకాణదారు చివరికి తాను వీధిలో నిలబడి సరుకు అమ్ముకున్నట్టుంది వ్యవహారం.

అదే ఇంటి పైవాటాలో అన్నావదినలు ఉంటారు. వదిన పద్నాలుగేళ్లుగా గోదాంలో బరువులెత్తి అరల్లో పెట్టే ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతోంది. అరటన్ను బరువును నాలుగో అరలోకి చెమ్చా పెట్టినంత సులువుగా పెట్టేదని చెప్పుకుంటారు. మెట్ల మీద జారి ఆమె కుడి మణికట్టు విరిగింది. బరువులెత్తి దించే మీటలన్నీ ఆ చేతికిందే ఉంటాయి. కట్టు విప్పారు, ఎముక అతికింది. కాని మళ్లీ బండెక్కాలంటే సూపర్‌వైజర్ ఎదుట పరీక్ష నెగ్గాలి.

"మరిదీ, నీ ముక్కలాట నా చేతికి తగ్గట్టు చేసిపెట్టు. కుడిచేత్తో, మీట పట్టుకుని ఆడేట్టు. డాక్టరిచ్చిన రబ్బరు బంతి పిసికి పిసికి విసుగొచ్చింది."

"సరే వదినా."

"సరే అంటావని తెలుసులే. ఎప్పటికో చెప్పు."

పాత జాయ్‌స్టిక్ ఒకటి వెతికి తగిలించాడు. ముక్కల్ని చెక్కపెట్టెల్లా గీశాడు. మొదటి సాయంత్రం ఇరవయ్యో ముక్కకే ఆట ముగిసింది. ఆమె తెర వంక చూడలేదు. పిలవకుండా ఇంట్లోకొచ్చిన మనిషిని చూసినట్టు తన చేతినే చూసుకుంది. ఆ చూపు అతను తట్టుకోలేకపోయాడు. మర్నాడు పొద్దున్నే ఇంజిన్‌లో ఒక ఏర్పాటు చేశాడు. చెయ్యి తడబడితే ముక్క కాస్త నెమ్మదిస్తుంది. ఆ సంగతి తెర మీద ఎక్కడా కనబడదు.

ఇక వదిన రోజూ ఆటలో మెట్లెక్కడం మొదలుపెట్టింది, మెట్టు మెట్టుకూ వేగం పెరుగుతుంది. నెల తిరిగేసరికి పదమూడో మెట్టు. ఒక గురువారం గుమ్మంలోంచే కేక వేసింది.

"సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశా! ఇంకా మూడువారాలు దేనికి, ఈ సోమవారమే పరీక్ష పెట్టెయ్యమన్నా. సరేనన్నాడు. ఆయనా నీ మనిషే!"

సరేగారు మనసులోనే లెక్క వేసుకున్నాడు. ఇన్నాళ్లూ రాలినవి వెలుతురు ముక్కలు. సోమవారం ఎత్తవలసింది అరటన్ను. గోదాంలో పక్క వరసలో సరుకు చీటీలు చూసే మనిషి ఒకడు తిరుగుతుంటాడు కూడా. శుక్రవారం రెండుసార్లు పైవాటా మెట్ల సగం దాకా ఎక్కి దిగిపోయాడు. శనివారం పొద్దున ఎక్కేశాడు.

"వదినా, ఆ పదమూడు నీది కాదు. సగం నాది."

చేసింది చెప్పాడు. ఆమె చేతిలోని బట్టల పిన్నులు గిన్నెలో వేసింది.

"ఎన్నాళ్లనుంచి?"

"రెండోరోజు నుంచి."

"అంటే నెలరోజులు చంటిపిల్లను ఆడించినట్టు ఆడించావు! మా పిన్నికి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను కదయ్యా!"

"నీ మొహం చూడలేక..."

"మొహం నువ్వు చూడక్కర్లేదు, చెయ్యి చూడు. నాలుగో అరలో బరువు ఊగితే నా మీద జాలిపడి ఆగుతుందా? పద. తీసెయ్ అది. నా చెయ్యి ఎంతుందో అంతే చూద్దాం."

కిందికొచ్చి తీసేశాడు. ఆమె ఆడింది. అయిదో మెట్టులో పోయింది. మళ్లీ అయిదు. మూడోసారి ఆరు. అప్పుడతను ఇంజిన్ తనంత తాను రాసుకునే చిట్టా తెరిచాడు. ముక్క కనబడ్డాక చెయ్యి కదలడానికి మొదటిరోజు దాదాపు సెకను పట్టింది. ఇప్పుడు అర సెకనుకు కాస్త ఎక్కువ.

"బాగయింది వదినా. పదమూడంత కాదు గాని, బాగయింది."

"ఈ అంకెలో నీ చెయ్యేమన్నా ఉందా?"

"లేదు."

"అబ్బో, లేదనడం కూడా వచ్చే!" అంది నవ్వకుండా. అక్కడే నిలబడి ఫోన్ తీసింది. "సార్, సోమవారం వద్దండి. ముందనుకున్న తేదీకే వస్తాను. లేదు సార్, బాగానే ఉన్నా. చెయ్యి ఇంకా రాలేదు, అంతే."

మూడువారాలూ ఆమె అతనితో ముక్తసరిగానే మాట్లాడింది. ఆట మాత్రం మానలేదు. అతను ఆ ఏర్పాటును ఇంజిన్‌లోంచి పూర్తిగా పీకేద్దామనుకున్నాడు. వణికే చేతులవాళ్లకు అది పనికొస్తుంది కదా అని తోచి ఉంచాడు. అయితే అది పనిచేస్తున్నంతసేపూ "వేగం తగ్గించబడింది" అని తెర మీద కనబడేట్టు చేశాడు. దాన్ని మార్చుకునే వీలు ఫైలులో పెట్టలేదు. ఆ అక్షరాలు దాచే మార్గం కావాలని ఎవరో రాస్తే, పదకొండేళ్లలో మొదటిసారి కుదరదని జవాబిచ్చాడు.

పరీక్ష రోజు సాయంత్రం వదిన పనిబట్టల్లోనే వచ్చి కుర్చీలో కూలబడింది.

"మూడు అరల దాకా ఎత్తడానికి అనుమతిచ్చారు. నాలుగోది నెల తర్వాతట."

"అక్కడ ఏమయింది?"

"అంచుకు బెత్తెడు దూరంలో మణికట్టు లాగింది. ఎవరూ చెప్పకముందే నేనే దించేశా." జాయ్‌స్టిక్ దగ్గరికి జరుపుకుంది. "వేగం ఇంకో రెండు పెంచు."

"రెండు పెంచితే ఓడిపోతావు వదినా."

"తెలుసు. పెంచు."

పెంచాడు. ఏడో ముక్కకు ఆమె చెయ్యి తడబడింది. సరేగారు తన చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు.