సందు వైపు తిప్పిన గొట్టం

జనరేటర్ పొగను చల్లార్చే ఎడక్టర్ పెద్ద యంత్రమేమీ కాదు. పొగగొట్టం చివర ఒక సన్నని మూతి, దాని చుట్టూ కాస్త పెద్ద గొట్టం. మూతిలోంచి దూకే పొగ బయటి గాలిని లాక్కుని, దానితో కలిసి చల్లబడాలి. హిందూపురంలోని మా షెడ్డులో రెండు రకాల మూతులు పరీక్షించాను. పూరేకుల్లాంటి అంచున్నది పొగనూ గాలినీ బాగా కలిపింది కానీ ఇంజను మీద ఒత్తిడి పెంచింది. దాన్ని సరిచేయాలంటే ఇంకా చాలా పని. గుండ్రటి మూతితో సగటు వేడి తగ్గింది. అయితే గొట్టం వంపు దగ్గర పొగ ఒక పక్కకు ఒరిగి, గాలిలో కలవకుండానే బయటికొస్తోంది.

"ఈ పక్క కాలుతాండాది కదప్పా," అన్నాడు నాతో పనిచేసే మిత్రుడు.

"సగటు చూడబ్బా. ఆడ ఎవురు చెయ్యి పెడతారు?" అని నవ్వాను.

ధర్మవరంలో ఒక కొత్త కల్యాణమండపానికి గుండ్రటిదే బిగించాం. ఒక పక్క యజమాని కూర్చునే వరండా, ఇంకో పక్క సందు. వేడి పక్కను సందు వైపు తిప్పమన్నాను. అక్కడ పట్టునూలుకు రంగులు వేసే ఆయన వెదురు గడల మీద నూలు ఆరేయడం చూసి కూడా ఆ మాట అన్నాను.

పెళ్లిళ్ల రోజులు గడిచాక వెళ్తే ఆ రంగులాయనే టీ ఇచ్చి కూర్చోబెట్టాడు.

"రంగు మాడిపోతాండాది సార్. పోగు ముట్టుకుంటే తెగుతాండాది. మగ్గాలోళ్లు రావడం మానుకున్నారు. రంగు నీళ్లు ఎక్కువ కాచినాడని మా తమ్మున్ని నాలుగు తిట్టి తరిమేసినా."

టీ తాగాను. రైలుకు టైమైందని లేచాను.

తిరుగు రైల్లో తప్పును గాలి మీదకీ, గడలు జరుపుకోని ఆయన మీదకీ నెడుతూ కూర్చున్నాను. పెనుకొండ దాటాక నెట్టడానికి ఎవరూ మిగల్లేదు. అయినా మర్నాడే వెళ్లలేదు. మంచి ఫలితం చేతిలో ఉంటే ముఖం చెల్లుతుందనుకున్నాను. అంతే నా పశ్చాత్తాపం. పూరేకుల మూతి పని పూర్తిచేసి, తీసుకెళ్లి బిగించి, గొట్టం నోటి చుట్టూ వేడి కొలిచాను. అన్ని వైపులా ఒకేలా తగ్గింది. అప్పుడు సందులోకి వెళ్లి ఆయనకు అంతా చెప్పాను.

ఆయన ఖాళీ గడల దగ్గర చెయ్యి చాచి చూశాడు.

"సల్లగానే ఉండాది సార్. ఆరేసేదానికే ఏం ల్యా."

చెయ్యి వెనక్కి తీసుకుని, "నా ఫోనైతే మా తమ్ముడు ఎత్తడు. మీరే చెప్పండి వానికి," అంటూ నా ఫోను తీసుకుని నంబరు నొక్కి ఇచ్చాడు.

"ఎవురప్పా?" అన్నాడు అవతలి మనిషి.

ఎవరినని చెప్పాలి?